బక్క ఎద్దు పార్టీ

ఆపి ఉన్న కారుకి దెబ్బ తగిలితే, తప్పు పూర్తిగా నాదేనని పోలీసాయన్ని బతిమాలి ఒప్పించి, ఎర్ర కాగితం రాయించుకొచ్చిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడండి, బాగా చూడండి! మీ ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. అప్పుడే నవ్వేస్తే ఎలా? ఇంకా ఎద్దు రానే లేదు.

అవును, ఎద్దే. దుబాయ్‌లో ఎద్దేంటి అంటారా? అదే చెప్పబోతున్నా. ఇవాళ పేషెంట్లు తక్కువ, డాక్టరుగారు భోజనానికి వెళ్ళారు, ఇంకో కప్పు పోసుకుని నింపాదిగా వినండి.

ముందు నా జబ్బు సంగతి చెప్పాలి. నాకు ఓడిపోయేవాళ్ళంటే ప్రాణం. ఎక్కడ ఇద్దరు పోటీపడుతున్నా, ఎవరు బక్కగా ఉంటే నేను వాళ్ళ పార్టీ. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, మా నాన్న ఎడ్ల వల్ల వచ్చింది. మా ప్రకాశం జిల్లాలో తిరునాళ్ళకి బండలాగుడు పోటీలు పెడతారు కదా, ఎడ్ల జత పెద్ద బండరాయిని ఎంత దూరం లాగితే అంత గొప్ప. మా నాన్న జత ఏటా పోటీకి వెళ్ళేది, ఏటా ఆఖర్న వచ్చేది. ఊరంతా గెలిచిన ఎడ్లకి దండలు వేస్తుంటే మేం నలుగురు పిల్లలం మా ఎడ్ల మెడలు కావలించుకుని బెల్లం పెట్టి ఓదార్చేవాళ్ళం. ఆ అలవాటు ఇంకా పోలేదు.

మేముండే నైఫ్ పేట సందులో రెండు పిల్లులు ఉన్నాయి, మీకు చెప్పాను కదా? లావు పిల్లి, సన్న పిల్లి. లావుది సన్నదాన్ని చెత్తడబ్బా దగ్గరికి రానిచ్చేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయింది. రోజూ చేప తలకాయలు తీసుకెళ్ళి సన్నదానికి పెట్టాను. మూడు నెలల్లో అది లావైపోయి, మొదటి పిల్లిని తరమడం మొదలెట్టింది! ఇంకేముంది, నేను పార్టీ మారిపోయాను. ఇప్పుడు మొదటిదానికి తలకాయలు పెడుతున్నాను.

నా పక్క గదిలో ఉండే మెహరున్నీసాకి ఇది అస్సలు నచ్చదు. మెహరుది నెల్లూరు. మా ఫ్లాట్‌లో ఒక గది మాది, ఒక గది వాళ్ళది, వంటిల్లు ఇద్దరిదీ. వాళ్ళాయన ఈ నెల సెలవు మీద ఊరెళ్ళారు. మెహరు ఎప్పుడూ గెలిచేవాళ్ళ పార్టీ. "గెలిచేవాళ్ళ పక్కన నిలబడితే ఫోటోలో పడతాం మే. ఓడేవాళ్ళ పక్కన నిలబడితే ఏముంది, కన్నీళ్ళు తుడవడానికి మన చున్నీ పోతాది" అంటుంది.

నేనూరుకుంటానా? నర్సింగ్ మొదటి ఏడాదిలో మాకు సైకాలజీ ఒక సబ్జెక్ట్. ఏదో పాస్ మార్కులతో గట్టెక్కాననుకోండి, ఆ సంగతి మెహరుకి తెలీదు. "మెహరూ, బలహీనుడిలో మనిషి తనని తాను చూసుకుంటాడు. పైగా బేరం కూడా మంచిది. మనవాడు ఓడితే, ముందే తెలుసుగా అని ఊరుకుంటాం. గెలిస్తే మాత్రం పండగ! గెలిచేవాడి పార్టీలో ఆ పండగ ఎక్కడిది? గెలిస్తే మామూలే, ఓడితే పరువు పోయె" అని క్లాసు పీకాను.

"నీ సైకాలజీ నీ దగ్గర పెట్టుకో. కూర మాడతా ఉంది" అంది.

సరే, ఇక కారు.

మా ఆయన ప్రసాద్‌గారు జెబెల్ అలీలో స్టోర్స్ సూపర్‌వైజరు. ఐదేళ్ళుగా కంపెనీ బస్సులోనే రాకపోకలు. మొన్న తెల్ల కారు కొన్నారు. ఇంకా పదిరోజులు కూడా కాలేదు! సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు తియ్యనివ్వరు. కూర్చుంటే కరకర, లేస్తే పరపర. లోపల తినకూడదు, తాగకూడదు, తలుపు చప్పుడు చెయ్యకూడదు. పడుకునే ముందు బాల్కనీలోంచి ఒకసారి వంగి చూసుకుని, అది కింద ఉందని తేల్చుకుని అప్పుడు పడుకుంటారు. నామీద కూడా అంత బెంగ ఎప్పుడూ పెట్టుకోలేదు మహానుభావుడు.

గవర్నమెంటు వాళ్ళకి ఈమధ్యే శుక్ర, శని రెండురోజులు సెలవు చేశారు కదా, మనకీ ఆయనకీ పాత శుక్రవారమొక్కటే. ఆ ఒక్కటీ కూడా మొన్న ఆయనకి డ్యూటీ పడింది, షిప్‌మెంటేదో వచ్చిందట. పొద్దున్నే బస్సెక్కుతూ తాళం నా చేతిలో పెట్టారు. "షార్జాలో చర్చికి వెళ్ళు, ప్రార్థన అవ్వగానే ఇంటికొచ్చెయ్యి. కారుకి చిన్న గీత పడినా నాకు తెలిసిపోతుంది రూతూ" అన్నారు. ఆ గొంతులో బెదిరింపు లేదండీ, అదే బాధ. బతిమాలుతున్నట్టు అన్నారు.

చర్చికి వెళ్ళాను. అది నిజం. ప్రార్థన చేశాను. అదీ నిజం. ఇంటికొచ్చెయ్యడమే జరగలేదు.

ఎందుకంటే, ముందురోజు మన క్లినిక్‌కి కట్టు మార్పించుకోడానికి ఫుజైరా నుంచి ఒక డ్రైవరు వచ్చాడు, గుర్తుందా? మోకాలికి దెబ్బ. ఎలా తగిలిందయ్యా అంటే, ఎద్దుల కుస్తీ చూడ్డానికి వెళ్ళి గట్టు మీంచి జారానన్నాడు. ప్రతి శుక్రవారం సాయంత్రం సముద్రం పక్కన మైదానంలో రెండు ఎద్దుల్ని ఎదురెదురుగా వదులుతారట. రక్తం చిందించడాలూ కత్తులూ ఏమీ లేవు. కొమ్మూ కొమ్మూ కలిపి తోసుకోవడమే. వెనక్కి తిరిగింది ఓడినట్టు. టిక్కెట్టు కూడా లేదట!

ఎద్దు అనే మాట వినగానే నాకు లోపల తిరునాళ్ళ డప్పు మోగింది. ఐదేళ్ళయింది ఎద్దుని చూసి! ఇక్కడ ఒంటెల్ని చూస్తాం, మేకల్ని చూస్తాం, కానీ మూపురం ఉన్న ఎద్దుని?

చర్చి నుంచి మెహరుకి ఫోన్ చేశాను. "ఎద్దుల కుస్తీ చూస్తావా?"

"యాడ?"

"ఫుజైరా."

"మీ ఆయనకి చెప్పినావా?"

"చెప్తాను."

"ఎప్పుడు?"

"వచ్చాక."

"అయితే నేనొస్తా" అంది. ఇంటి దగ్గర మెహరుని ఎక్కించుకున్నాను, ప్రార్థనకి వెళ్ళిన కారు కుస్తీకి బయల్దేరింది.

ధైద్ దాటాక కొండలు మొదలయ్యాయి. మసాఫీ దగ్గర రోడ్డు పక్క బజార్లో మెహరు అరటిపళ్ళ అత్తం కొంది. "కార్లో తినకూడదు" అన్నాను. "తినం మే, వెనక సీట్లో పెడతాం, అంతే" అంది. ఆ మాట నిలబెట్టుకుంది కూడా. మేమిద్దరం ఒక్క పండు తినలేదు.

మైదానానికి చేరేసరికి నాలుగున్నర. అబ్బబ్బ, ఏం సందడి! గుండ్రంగా మనుషులు. ముందు వరసలో తెల్లటి పొడుగు కందూరాలు వేసుకున్న స్థానికులు నేలమీద కూర్చున్నారు. వాళ్ళ వెనక మనవాళ్ళు, పాకిస్తాన్ వాళ్ళు, బంగ్లా వాళ్ళు, పిల్లల్తో కుటుంబాలు. వాళ్ళ వెనక కార్లు, కార్ల బానెట్ల మీద మళ్ళీ మనుషులు. ఒక పక్కన పికప్ బండ్లకి కట్టేసిన ఎద్దులు కాళ్ళతో మట్టి గీరుతున్నాయి. ఆ వాసన! పేడ, గడ్డి, చెమట కలిసిన వాసన. మెహరు చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుండెలనిండా పీల్చుకున్నాను. నిజం చెప్తున్నా, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

రెండు కుస్తీలు చూశాం. బాగానే ఉన్నాయి. మూడోదానికి ఒక నల్ల ఎద్దుని తీసుకొచ్చారు. అమ్మో! మూపురం నా ఎత్తుంది. మెడలో రంగుల తాడు, ఒళ్ళంతా నూనె రాసినట్టు నిగనిగ. నలుగురు మనుషులు పట్టుకుని నడిపిస్తున్నారు. మైకులో దాని పేరు చెప్పగానే మైదానమంతా కేకలు. మెహరు లేచి నిలబడి చప్పట్లు. "అదీ ఎద్దంటే! నా పార్టీ అదే" అంది.

దానికి ఎదురుగా... ఎలా చెప్పను? ఒక తుప్పు పట్టిన పికప్ లోంచి ఒక బక్క ఎద్దు దిగింది. రంగేదో కూడా తెలీదు, దుమ్ము రంగు. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. ఒక చెవి చివర చిరిగింది. తాడు పట్టుకున్నది ఒకే ఒక్క ముసలాయన, తెల్లగడ్డం, కాళ్ళకి పాత చెప్పులు. ఎద్దు ముందుకి రావడం లేదు. ఆయన దాని చెవిలో ఏదో చెప్తున్నాడు. జనం నవ్వుతున్నారు.

ఇంకేముంది! నా జబ్బు తిరగబెట్టింది.

"మెహరూ, లే, కారు అటువైపు పెడదాం."

"ఎందుకు? ఇక్కడ బాగా కనపడతా ఉంది కదా."

"ఇది నల్లదాని వైపు. మనం బక్కదాని వైపు ఉండాలి. అటు ఒక్క మనిషి లేడు చూడు, పాపం!"

నిజమే, అటుపక్క ఖాళీగా ఉంది. జనం లేరు, కార్లు లేవు. ఎందుకు లేరో ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఇవాళ మీకు చెప్పుకోడానికి కథే ఉండేది కాదు. నేను కారు తీసి, చుట్టూ తిప్పి, ఆ ఖాళీలో తీసుకెళ్ళి నిలిపాను. దగ్గర్లో ఒక పఠాన్ పెద్దాయన చెయ్యి ఊపుతూ "పీఛే! పీఛే!" అని అరిచాడు. నల్ల ఎద్దు పార్టీవాడేమో, మనం దగ్గర్నుంచి చూస్తే ఓర్వలేకపోతున్నాడు అనుకున్నాను. అద్దం కిందికి దించి చెయ్యి ఊపాను. ఆయన తల పట్టుకున్నాడు.

కుస్తీ మొదలైంది. తలలు ఢీకొన్న చప్పుడు మాకు కారు దాకా వినపడింది. నల్లది ఒక్క తోపు తోసింది, బక్కది నాలుగడుగులు వెనక్కి. ఇంకో తోపు, ఇంకో మూడడుగులు. ఇక నావల్ల కాలేదు. కారు దిగి బానెట్ ముందు నిలబడి అందుకున్నాను. "హెయ్! హెయ్! హెయ్! తొయ్‌రా నాయనా! కాలు ఊను! ఊనరా బంగారు కొండా!"

పొద్దున్న చర్చికని కట్టుకున్న పట్టుచీర. చేతిలో హ్యాండ్‌బ్యాగు. నా కేక విని ముసలాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ ముఖం వెలిగిపోయింది చూడండీ! ఆయన కూడా అరవడం మొదలెట్టాడు. పక్కనున్న బంగ్లా కుర్రాళ్ళు నవ్వుతూ నా "హెయ్ హెయ్" అందుకున్నారు. వాళ్ళని చూసి వెనకున్న లేబర్ క్యాంపుల మనుషులు. రెండు నిమిషాల్లో సగం మైదానం "హెయ్! హెయ్! హెయ్!"

అందులో వింతేముంది చెప్పండి? అక్కడ నిలబడ్డవాళ్ళలో సగం మంది వారంలో ఆరురోజులు ఒక ముదీర్ ముందు, ఒక మేనేజరు ముందు తల ఊపేవాళ్ళే. పైనుంచి ఎవడో ఒకడు తోస్తూనే ఉంటాడు, వీళ్ళు కాలు ఊనుకుంటూనే ఉంటారు. ఆ బక్కదాని కాళ్ళు ఇసకలో దిగబడుతుంటే వాళ్ళకి ఎలా ఉండాలి? ఎవరి కొమ్ములు వాళ్ళకి మొలిచినట్టే ఉంటుంది. నాకూ మొలిచాయి.

అప్పుడు జరిగిందమ్మా అద్భుతం! బక్క ఎద్దు తల కొంచెం కిందికి దించి, పక్కకి తిప్పి, ఒక్క తోపు. నల్లది ఒకడుగు వెనక్కి! జనం వెర్రెత్తిపోయారు. ఇంకో తోపు. ఇంకో అడుగు! నేను హ్యాండ్‌బ్యాగు గాల్లోకి విసిరాను. "మెహరూ! చూశావా, చూశావా నా సైకాలజీ!" మెహరు కూడా, నల్లదాని పార్టీ అయ్యుండీ, బానెట్ మీద దబదబా చరుస్తోంది. మూడో తోపు. మూడో అడుగు! నా జన్మలో అంత సంతోషం నాకు పెళ్ళిలో కూడా లేదు. మా ఆయనతో అనకండి.

అంతే. అక్కడితో దాని సత్తువ అయిపోయింది.

నల్లది ఒకసారి బుస కొట్టింది. బక్కది తలెత్తి దాన్ని చూసింది. నేను ఆ చూపు గుర్తుపట్టాను. ఎడ్లున్న ఇంట్లో పుట్టినదాన్ని కదా, దాని మనసులో మాట నాకు తెలుగులో వినపడింది. 'ఇంక చాల్లే, ఇంటికి పోదాం.'

వెనక్కి తిరిగింది. పరుగందుకుంది. ముసలాయన చేతిలోంచి తాడు జారిపోయింది.

బెదిరిన పశువు ఎటు పోతుంది? చిన్నపిల్లనడిగినా చెప్తుంది. తన కొట్టం వైపు పోతుంది. దానికి ఇక్కడ కొట్టమంటే ఏంటి? తాను దిగొచ్చిన పికప్. ఆ పికప్ ఎక్కడుంది? సరిగ్గా నా వెనక. దానికీ పికప్‌కీ మధ్య ఏముంది? మా ఆయన కారు.

అప్పుడు వెలిగిందండీ ఆ ఖాళీ ఎందుకు ఖాళీగా ఉందో! అది ఎద్దులు వచ్చిపోయే దారి. ఊళ్ళో ఎవరైనా అలా దారికడ్డంగా బండి విప్పితే మా నాన్న చెర్నాకోల తీసుకునేవాడు. ఆయన కూతుర్ని, నేనే విప్పాను.

"మేయ్! పరిగెత్తు!" మెహరు నా చీరకొంగు పట్టి లాగింది. ఇద్దరం పికప్ వెనక్కి దూకాం. ధడ్! వెనకే కర్ర్‌ర్ర్ అని ఒక చప్పుడు. అలాంటి చప్పుడు నా పన్ను పీకినప్పుడు కూడా వినలేదు.

నెమ్మదిగా తల బయటపెట్టి చూశాను. కుడివైపు ముందు తలుపు లోపలికి సొట్టపోయింది, ఎద్దు నుదురెంతో అంత మేర. కొమ్ము గీసిన గీత తలుపు మొదట్నుంచి చివరిదాకా ఉంది. పక్క అద్దం తాడుకి చుట్టుకుని ఊడి, ఎద్దు వెనక నేలమీద ఈడ్చుకుంటూ పోతోంది.

మరి ఎద్దు? పారిపోయిందనుకుంటున్నారా? లేదు. అది వెనక తలుపు దగ్గర ఆగింది. పఠాన్ పెద్దాయనకి చెయ్యి ఊపడానికి దించిన అద్దం నేను మళ్ళీ ఎత్తలేదు. మెహరు కూడా గాలికని వెనకది దించి పెట్టింది. అందులోంచి తల లోపలికి పెట్టి, తీరిగ్గా అరటిపళ్ళు తింటోంది. తొక్కల్తో సహా. జొల్లు మా ఆయన ప్లాస్టిక్ కవర్ల మీద ధారగా కారుతోంది. ఆ కవర్లు ఎందుకు తియ్యనివ్వలేదో ఆ క్షణంలో నాకు పూర్తిగా అర్థమైంది. చేతులెత్తి దణ్ణం పెట్టాను ఆయన ముందుచూపుకి.

మైదానమంతా పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నాకు మాత్రం పొద్దున్న తాళమిస్తూ ఆయన అన్న మాట చెవిలో గింగురుమంటోంది.

"మెహరూ, రేపు పొద్దున్నే ఎవరికీ తెలీకుండా గ్యారేజీలో ఇచ్చేద్దాం. సొట్ట తీసి రంగేస్తారు. ఆయనకి సర్వీసింగ్‌కి ఇచ్చానని చెప్తా."

మెహరు నావైపు జాలిగా చూసింది. "ఈ దేశంలో పోలీసు కాగితం లేకుండా ఏ గ్యారేజీవాడూ సుత్తి ఎత్తడమ్మా. ఎర్రదో పచ్చదో, ఏదో ఒక కాగితం ఉండాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల! పా, పోలీసాయన్నే అడుగుదాం."

పచ్చ కాగితమంటే తప్పు మనది కాదని. ఎర్రదంటే మనదేనని. పచ్చదొకటి చేతిలో ఉంటే మా ఆయన ముందు తలెత్తుకుని నిలబడొచ్చు. 'ఏమండీ, నేను ఏ పాపం ఎరగను, ఆపి ఉన్న కారు' అనొచ్చు. నా ఆశంతా ఆ పచ్చ రంగు మీదే.

పోలీసాయన మైదానం పక్కనే ఉన్నాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు. నవ్వు ఆపుకోడానికి పెదవి కొరుక్కుంటూ వచ్చి పుస్తకం తీశాడు. ఆయన అరబిక్‌లో అడగడం, అరబిక్ వచ్చిన మెహరు తెలుగులో నాకు చెప్పడం.

"కారు నడస్తా ఉందా అంటున్నాడు."

"లేదు, ఆపి ఉంది."

"ఎద్దు?"

"అది పరిగెత్తుతోంది."

పోలీసాయన తలూపాడు. మెహరు నా చెయ్యి నొక్కింది. "ఖలాస్! తప్పు ఎద్దుదే అంట. నీకు పచ్చది, ఎద్దు ఓనరుకి ఎర్రది. బతికిపోయినావు పో!"

అమ్మయ్య, అనుకున్నాను. అక్కడితో నోరు మూసుకుని నిలబడితే నేను రూతుని ఎందుకవుతాను?

అప్పుడే ముసలాయన వచ్చాడు. ఒక చేత్తో ఎద్దుని పట్టుకుని, రెండో చేత్తో ఊడిన మా కారు పక్క అద్దం, దుమ్ము తుడిచి మరీ తెచ్చాడు. నల్ల ఎద్దు తాలూకు కుర్రాళ్ళు వెనకనుంచి ఏదో ఎగతాళి చేస్తున్నారు. కుస్తీలో ఓడాడు, ఇప్పుడు పోలీసు కాగితం కూడానా అని కాబోలు, ఒకటే నవ్వులు. ఆయన ఎవరితోనూ వాదించలేదు. పోలీసాయన ముందు తల వంచి, "నా ఎద్దు, నా తప్పు. కాగితం నాకివ్వు" అన్నాడట. ఎద్దు కూడా పక్కనే తల వంచుకుని నిలబడింది. దాని మూతికి ఇంకా అరటితొక్క అంటుకుని ఉంది.

నల్లదాని కుర్రాళ్ళు మళ్ళీ నవ్వారు.

నాలో ఏదో తెగిపోయిందండీ.

"తప్పు ఆయనది కాదు!" అని అరిచాను. "తప్పు నాది! మెహరూ, చెప్పు! అది ఎద్దు ఇంటికి పోయే దారి. నేను అడ్డంగా పెట్టాను. ఆ పఠాన్ పెద్దాయన వద్దన్నా వినలేదు. అద్దం దించి ఉంచాను. అరటిపళ్ళు పెట్టాను!"

"నీకేమైనా మతి పోయిందా? గమ్మునుండు!" మెహరు పళ్ళు బిగించి అంది. "మీ ఆయన!"

"చెప్తావా చెప్పవా?"

మెహరు చెప్పలేదు. నేనే చెప్పాను. నాకొచ్చిన హిందీ, రాని అరబిక్, మధ్యలో తెలుగు. కారుని చూపించాను, దారిని చూపించాను, ఎద్దుని చూపించాను, గుండెమీద చెయ్యి పెట్టుకున్నాను. "మై గల్తీ! ఎద్దు మాఫీ గల్తీ, తప్పు లేదు! రెడ్ పేపర్ నాకు, నాకివ్వండి!" పోలీసాయన పెన్ను ఎత్తి అలాగే ఆగిపోయాడు. ముసలాయన వద్దంటాడు, నాకే అంటాడు. నేను కాదు నాకే అంటాను. ఎర్ర కాగితం కోసం ఇద్దరం కొట్టుకుంటున్నాం! చివరికి నేను ఏడుపు మొదలెట్టాను. నేను గెలిచాను.

పోలీసాయన రాస్తూ రాస్తూ మెహరుతో ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడు?"

"పచ్చ కాగితం కోసం ఏడ్చినోళ్ళని రోజూ చూస్తాడంట. ఎర్రదాని కోసం ఏడ్చినదాన్ని నిన్నే చూసినాడంట."

పుస్తకం మూసి, తలూపుతూ "మిస్కీన్" అన్నాడు. ఆ మాట నాకు తెలుసు, అయ్యో పాపం అని. ఎద్దునే అన్నాడనుకుని నేనూ దాని మెడ నిమిరాను. తలెత్తి చూస్తే పెన్ను నావైపు ఉంది.

ముసలాయన మమ్మల్ని వెళ్ళనివ్వలేదు. ఫ్లాస్కులోంచి గవా, అదే అరబ్బు కాఫీ పోసి, ఖర్జూరాలు పెట్టి, కొంగునిండా ఇంకా కట్టిచ్చాడు. ఎద్దుతో నాకు సలాం చేయించాడు. అంటే, తల నొక్కాడు, అది వంచింది.

నైఫ్‌కి వచ్చేసరికి నాకొక ఆలోచన తట్టింది. మా బిల్డింగ్ కింద గోడవారగా ఒక ఖాళీ ఉంది. సొట్ట కుడివైపు కదా, కుడివైపు గోడకి ఆనించి పెట్టేశాను, చీమ దూరే సందు కూడా లేకుండా. చూసేవాళ్ళకి ఎడంవైపు పెళ్ళికూతుర్లా తళతళ! నేను దిగాను. తిరిగి చూస్తే మా ఆయన! డ్యూటీ దిగి, కారు లేదని మెట్ల మీదే కూర్చుని ఉన్నారు పాపం. కారు కనపడగానే ముఖం విప్పారింది.

"వచ్చావా! బాగా జరిగిందా ప్రార్థన?" అని ఆయన అంటుండగానే, మెహరు కుడివైపు దిగే దారిలేక, గేరు రాడ్డు మీంచి పాక్కుంటూ, డ్రైవరు సీట్లోంచి చేతులు ముందు, తల వెనక బయటికొచ్చింది. తలలో గడ్డిపరక.

"మెహరున్నీసా అటునుంచి ఎందుకు దిగలేదు?" అన్నారాయన.

ఆయన గోడకీ కారుకీ మధ్య తల దూర్చి చూశారు. నేను గడగడా అంతా చెప్పేశాను. చర్చి, ఫుజైరా, నల్లది, బక్కది, అరటిపళ్ళు, ముసలాయన, కాగితం. చెప్తుంటే నాకే సిగ్గేసింది. ఐదేళ్ళు బస్సులో నిలబడి వెళ్ళిన మనిషి, ముచ్చటపడి కొనుక్కున్నాడు, పదిరోజులైనా ఉంచలేకపోయాను. "తిట్టండి, పడతాను" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చింది.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పారు. కోపం లేదు ముఖంలో. ఏదో లెక్క కుదిరినట్టు నెమ్మదిగా అడిగారు.

"ఆ బక్క ఎద్దుకి నువ్వు సపోర్ట్ చేశావా?"

"చేశాను."

"గట్టిగానా?"

"గొంతు పోయేదాకా."

"నువ్వు అరవకముందు అది ఎలా ఉంది?"

"నిలబడే ఉంది."

"అరిచాక?"

"ఓడిపోయింది."

ఆయన అక్కడే మెట్ల మీద కూలబడి నవ్వడం మొదలెట్టారు. నవ్వుతారు, కళ్ళు తుడుచుకుంటారు, నన్ను చూస్తారు, మళ్ళీ నవ్వుతారు. మీకు నేను ఎప్పుడూ చెప్పలేదు, మా ఆయన డ్రైవింగ్ టెస్టు ఎనిమిదిసార్లు తప్పారు. ఎనిమిదిసార్లూ నేను సెలవు పెట్టి మరీ వెళ్ళి, గేటు బయట ఎండలో నిలబడి సపోర్ట్ చేశాను. తొమ్మిదోసారి నాకు డ్యూటీ పడి వెళ్ళలేదు. పాసయ్యారు!

"నువ్వు బాధపడతావని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు రూతూ" అన్నారు ఊపిరి తీసుకుంటూ. "కారుదేముంది, బాగవుతుంది. ఆ ఎద్దు బాధ ఈ భూమ్మీద నాకొక్కడికే తెలుసు!"

చూశారా? కట్టుకున్న మొగుడు నా పక్షం కాదు, కనీసం కారు పక్షమూ కాదు. ఎద్దు పక్షం!

ఇప్పుడు చెప్తున్నా వినండి, మీరే సాక్షులు. ఇవాళ మూడు గంటలకి ఆయనకి ప్రమోషన్ ఇంటర్వ్యూ ఉంది. ఉన్నది ఒక్క పోస్టు, పోటీకి ఇంకొకాయన ఉన్నాడట. పొద్దున్న బూట్లు వేసుకుంటూ నా రెండు చేతులూ పట్టుకుని బతిమాలారు, "రూతూ, ఈ ఒక్కసారికి అవతలాయనకి సపోర్ట్ చెయ్యి, మనస్ఫూర్తిగా" అని. సరేనన్నాను. పొద్దుట్నుంచి అదే పనిలో ఉన్నాను. అవతలాయన గెలవాలి, అవతలాయనే గెలవాలి!

టైమెంతయింది? మూడుంపావా? అయ్యయ్యో, ఈపాటికి మా ఆయన లోపల ఒక్కరే కూర్చుని ఉంటారు. ఎదురుగా ముగ్గురు మేనేజర్లు. ఇంగ్లిష్ తడబడుతుంది ఆయనకి, పాపం... హెయ్! హెయ్! కాలు ఊనండీ!